తలనొప్పి వెనక మెడ సిర

మాది రాజోలు దగ్గర పల్లె. బడిలో పిల్లలకి లెక్కలు చెప్తాను. తలనొప్పి మొదలైన కొత్తలో గ్యాస్ అన్నారు, తర్వాత సైనస్, ఆ తర్వాత మైగ్రేన్. ఏ మందుకీ తగ్గలేదు. తెల్లవారుజామున నొప్పి ఎక్కువ, దగ్గితే మరీనూ. బోర్డు దగ్గర పడిన సుద్దముక్క కోసం వంగి లేస్తే క్షణంపాటు కళ్లముందు అంతా నల్లగా అయిపోయేది. రాత్రి పడుకుంటే కుడి చెవిలో నాడితోపాటు హోరు. తల పక్కకి తిప్పితే మారేది, మెడ మీద అదే వైపు వేలు మెల్లగా ఆన్చితే ఆగేది. ఈ మాట చెబితే చాలామంది పట్టించుకోలేదు. అసలు ఆచూకీ అక్కడే ఉంది.

అమలాపురంలో ఒక కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, కనుపాప విచ్చుకున్నాక లోపల చూశారు. "కళ్లజోడు సంగతి కాదమ్మా, రెండు కళ్లలోనూ నరం వాచింది. ఇవాళే కాకినాడ బయల్దేరండి" అన్నారు. ఈ వాపునే పాపిలెడీమా అంటారు. తలలో ఒత్తిడి పెరిగిందనడానికి గట్టి సూచన.

పెద్దవాళ్లలో మెదడు, వెన్నుపాముల చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. రోజుకి దాదాపు అరలీటరు కొత్తగా ఊరుతుంది. అందులో ఎక్కువ భాగం సిరల రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం మెడలోని జుగులర్ సిరల గుండా కిందికి దిగాలి. గుర్రపుడెక్క పట్టిన మురుగుకాలువని చూసిన కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కింద దారి మూసుకుపోతే పైన చేలో నీరు లాగదు. తలలోనూ అంతే. పుర్రె సాగదు కాబట్టి పెరిగిన ఒత్తిడి కంటి నరం మీద పడుతుంది.

ముందు ఎమ్మారై, దాంతోపాటు సిరల చిత్రం తీస్తారు. కణితి గానీ, సిరలో రక్తం గడ్డ గానీ ఉందేమో చూడాలి. బాలింతలకి తలనొప్పి వస్తే ఈ గడ్డ సంగతి అస్సలు మరవకూడదు. ఆ తర్వాత పక్కకి పడుకోబెట్టి నడుములో సూది వేసి ఒత్తిడి కొలుస్తారు. పెద్దవాళ్లకి 25 సెంటీమీటర్ల నీటిమట్టం దాటితే ఎక్కువ. నాకు 34 ఉంది.

స్కాన్ రిపోర్టులో ఇంకో మాట కూడా రాశారు. చెవి కింద ఉండే స్టైలాయిడ్ ఎముకకీ, మెడ మొదటి వెన్నుపూసకీ మధ్య కుడి జుగులర్ సిర నొక్కుకుపోయిందట. ఆ ఎముక కోయించేద్దామని ఇంట్లో అందరూ తొందరపడ్డారు. న్యూరాలజిస్టు గారు ఆపారు. ఏ జబ్బూ లేనివాళ్ల స్కాన్లలోనూ ఈ నొక్కుడు తరచుగా కనిపిస్తుంది. సిరలోకి సన్నటి గొట్టం పంపి, ఇరుకుకి పైనా కిందా ఒత్తిడి కొలిచి, తేడా గట్టిగా ఉంటేనే ఆపరేషన్ మాట. అప్పుడు కూడా ఎవరికి చెయ్యాలన్న దానిపై డాక్టర్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. నాకు ఆ కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎసిటజోలమైడ్ మాత్రలతో, బరువు తగ్గడంతో నరం వాపు దిగింది. ఆ మాత్రలకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గోళీసోడా రుచి చెడిపోతుంది. అయినా మానలేదు.

తలనొప్పితోపాటు వంగినప్పుడు చూపు మసకబారినా, చెవిలో నాడి వినిపించినా, చుక్కలు వేసి కంటి నరం చూడమని డాక్టరుని మీరే అడగండి. డాక్సీసైక్లిన్, మొటిమల మాత్రలు, విటమిన్ ఎ వాడుతుంటే దాచకుండా చెప్పండి. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక స్కాన్ సీడీ కూడా తీసుకోండి. వాపుకి వైద్యం వాయిదా వేస్తే నరం ఎండిపోతుంది. అలా పోయిన చూపుని తిరిగి తెచ్చే మందు లేదు.