పాత కారుకు ఎట్టి నూనె పోయవలెను?

శీతకాలపు ఉదయమున ఆముదపు సీసాను వంచిన ధార మెల్లగా దిగును. వేడిచేసిన అదియే నీటివలె జారును. ఈ చిక్కదనమునే శాస్త్రమున స్నిగ్ధత యందురు. (మొదటి ప్రపంచయుద్ధ కాలమున పెక్కు విమానముల ఇంజనులలో ఆముదమునే వాడిరి!)

నూనె డబ్బాపై 5డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి గుర్తులుండును. 'డబ్ల్యు' అనగా వింటర్, చలికాలము. దాని ముందరి అంకె తగ్గినకొలది నూనె చలిలో సులభముగా పారును. వెనుకటి అంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నూనె చిక్కదనమును తెలుపును. బళ్ళారిలో మంచు గడ్డకట్టదు గావున మనము ముఖ్యముగా చూడవలసినది వెనుకటి అంకెయే.

అట్లని "ఎండలసీమ, పాత బండి, చిక్కని నూనె పోయుడు" అను మాటను నమ్మరాదు. బయట 40 డిగ్రీలున్నను లేకున్నను, నడచుచున్న ఇంజనులోని నూనె 100 డిగ్రీల దరిదాపులకు చేరుచునే యుండును. మితిమీరిన చిక్కని నూనె ఇరుకు దారులలో త్వరగా ప్రవేశింపదు; ఇంజను పట్టించిన తొలి క్షణములలోనే లోహము లోహముతో రాచుకొనును. మరీ పలుచనైనచో నూనెపొర తెగును. కారుతో వచ్చిన పుస్తకము అనుమతించిన అంకెలలోనే ఎన్నుకొనవలెను. అందు రెండున్న యెడల, నూనె త్రాగు పాత బండికి చిక్కనిది మేలు. సండూరువైపు ఖనిజధూళిలో తిరుగు బండికి గడువుకు ముందే నూనె మార్చవలెను.

కొనువారికొక హెచ్చరిక: నీలిపొగ వచ్చు బండిలో చిక్కని నూనె పోసి ఆ రోగమును కప్పిపుచ్చి అమ్మువారు కలరు. ఇంజను చల్లగా నున్నప్పుడే పట్టించి చూడవలెను. పుస్తకము తరచుగా ఆంగ్లముననే యుండును. ఆ పుటను తండ్రికి చదివి తెలుగున చెప్పుట ఇంటి విద్యార్థి పని.