ఫోను పట్టినంత మాత్రాన రాత వచ్చునా?

"మా పిల్లకు తెలియని సంగతంటూ ఫోనులో లేదండీ" అని మురిసిపోయే ఆడవాళ్లలో మొన్నమొన్నటిదాకా నేనూ ఒకదాన్ని. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనే ఉంటారు. కరెంటు బిల్లు కట్టాలంటే పిల్లలే, గ్యాసు బుక్ చెయ్యాలంటే పిల్లలే. హైదరాబాదులో ఉన్న అన్నయ్య ముఖం చూపించాలన్నా వాళ్లే చూపించాలి. ఇంత తెలిసిన పిల్లలకు కాలేజీలో పది పేజీలు రాసుకు రమ్మనేసరికి ముచ్చెమటలు ఎందుకు పోస్తాయి? ఈ వేళ మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మా తోడికోడలి కూతురు నందిగామలో బి.ఏ. చదువుతోంది. చెవిటికల్లు నుంచి కంచికచర్ల దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరినవాళ్ల దగ్గర్నుంచీ సమాజ సేవా ప్రాజెక్టు అని ఒకటి పెట్టారు. మొదటి ఏడు చదువు పూర్తయ్యాక 180 గంటలు ఊళ్లలో తిరిగి, ఇల్లిల్లూ అడిగి తెలుసుకుని, చూసినదీ విన్నదీ నివేదికగా రాసి ఇవ్వాలి. మా అమ్మాయి మంచినీళ్ల సంగతి ఎంచుకుంది. పక్కనున్న ఒక ఊళ్లో ఎండలో తిరిగి ముప్ఫయి ఇళ్లవాళ్లతో మాట్లాడింది. అంతవరకు బాగానే ఉంది. ఇక రాయాలి.

నాలుగు రోజులు వసారాలో కూర్చుని ఫోను మీద టకటకా కొడుతూనే ఉంది. ఏదీ చూపించవే అన్నాను. చూపించింది. వాట్సాప్‌లో తనకు తనే పంపుకున్న మెసేజీలు! నలభైకి పైగా ఉన్నాయి. ఒకదానికి ముందేదో వెనకేదో లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే. చూశారా, ఆ పిల్లకు తెలిసిన రాత అది. స్నేహితురాలికి కబురు పెట్టడానికి అది చాలు. పది పేజీల మాట చెప్పడానికి చాలదు.

ఈ ఇంగ్లీషు అక్షరాల తెలుగు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, అది చాపకింద నీరులాంటిది. ఆ అక్షరాల్లో పాట అన్నా, పాత అన్నా ఒకటే. పొట్టి అక్షరానికీ పొడుగు అక్షరానికీ తేడా ఉండదు. ల, ళ కలిసిపోతాయి. న, ణ కలిసిపోతాయి. రెండు మూడేళ్లు అలా రాసిన చెయ్యి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి తడబడుతుంది. నోటు పుస్తకంలో మా అమ్మాయి "నీల్లు" అని రాసింది. నీళ్ల మీద నివేదిక గదా, ప్రతి పేజీలోనూ నీల్లే! "ఇది నోటితో చదువు" అన్నాను. చదివి తనే నవ్వుకుంది.

గడువు దగ్గరపడేసరికి టౌనులో ఒక డీటీపీ సెంటరులో ఇచ్చి టైపు చేయించింది. అతను శ్రద్ధగానే చేశాడు. అక్కడి తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ ఫైలు మాస్టారికి పంపితే, ఆయన కంప్యూటరులో తెరిచేసరికి ఒక్క తెలుగు అక్షరం లేదు. వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, టోపీలు. "అమ్మా, ఇదేం భాష?" అని ఆయన ఫోను చేశారు. పిల్ల ఒకటే ఏడుపు.

తప్పు పిల్లదీ కాదు, టైపు చేసిన అతనిదీ కాదు. ఇందులో కిటుకు ఏమిటో తెలుసుకుంటే మీ ఇంట్లో ఈ ఏడుపు రాదు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక నెంబరు. పాతరోజుల్లో తెలుగుకు దానికంటూ నెంబర్లు లేక, ఇంగ్లీషు అక్షరాల నెంబర్లనే వాడుకుని వాటిమీద తెలుగు బొమ్మలు తొడిగారు. నాటకంలో వేషం కట్టినట్టన్నమాట. పైకి కనిపించేది సత్యభామే గాని లోపల ఉన్నది వేరే మనిషి. ఆ వేషాల పెట్టె, అంటే ఆ ఫాంటు, ఉన్నచోట సత్యభామ కనిపిస్తుంది. పెట్టె లేని ఊరికి వెడితే అసలు మనిషి బయటపడతాడు. అచ్చు పనికి ఆ ఫాంట్లు ఎన్నో ఏళ్లు బాగా పనికొచ్చాయి. ఒకచోటినుంచి ఇంకోచోటికి రాతను పంపాలన్నప్పుడే చిక్కు.

1991లో యూనికోడ్ అనే పద్ధతి వచ్చింది. ప్రపంచంలోని లిపులకు వేటి నెంబర్లు వాటికి ఇచ్చారు, మొదటి విడతలోనే మన తెలుగూ ఉంది. "అ" నెంబరు 3077. ఫోనులో అయినా, కంప్యూటరులో అయినా, అమెరికాలో అయినా అది 3077. వేషం కాదు, సొంత మనిషే. ఇప్పుడు ఫోనుల్లో వచ్చే తెలుగు అంతా ఇదే. కాబట్టి ఎవరిచేతనైనా టైపు చేయించేటప్పుడు "యూనికోడ్‌లో చేస్తారా?" అని ఒక్క మాట అడగండి. కాదంటే పి.డి.ఎఫ్.గా మార్చి ఇమ్మనండి. వేషాల పెట్టెను కూడా సామానుతో పాటు సర్ది పంపినట్టు, అందులో అక్షరాల బొమ్మలు కలిసే వెడతాయి.

ఇంకో ముచ్చట చెప్పనా? కంప్యూటరు మీద తెలుగు రాయడానికి దారి వేసినవాళ్లలో కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. 1990 దశకం తొలిరోజుల్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లు, ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరం పడేలా ఆర్.టి.ఎస్. అనే పద్ధతి తయారుచేశారు. అందులో పొట్టి అక్షరానికొక గుర్తు, పొడుగు అక్షరానికొక గుర్తు, ళ కు వేరే, ణ కు వేరే. అంటే కొట్టేది ఇంగ్లీషు మీటలే అయినా తెలుగు గుణింతం చెక్కుచెదరదు. ఈనాటి పిల్లల మెసేజీ తెలుగుకూ దానికీ అదీ తేడా. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తీరికవేళల్లో కూర్చుని మన ఊళ్లకు కూడా పేజీలు రాసిపెట్టారు. ఇంగ్లీషు మీటలు వద్దనుకునేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ అని మన దేశంలోనే తయారైన అమరిక ఉంది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. తెలుగులో క ఏ మీట మీద ఉందో హిందీలోనూ కన్నడంలోనూ అదే మీట.

ఫోనులో అయితే తెలుగు అక్షరాల పలకే నేరుగా పెట్టుకోవచ్చు. మా అమ్మాయి ఫోనులో అది మొదటినుంచీ ఉందట, ఎన్నడూ తెరిచి చూడలేదు! మొదటిరోజు పేరా కొట్టడానికి గంట పట్టింది. వారం తిరిగేసరికి పేజీ కొడుతోంది.

"ఎందుకింత కష్టం పెద్దమ్మా, మాట్లాడితే అదే రాసుకుంటుందిగా" అంది. నిజమే. గూగుల్ 2017లో తెలుగుకు ఆ సౌకర్యం ఇచ్చింది. మాట్లాడి చూసింది. మాటలు చాలావరకు సరిగానే పడ్డాయి గాని వాక్యమెక్కడ ముగిసిందో తెలియదు, చెప్పిందే మూడుసార్లు వచ్చింది. నేను రేడియోకు మాట్లాడేదాన్ని గనుక నాకిక్కడ ఒక సంగతి తెలుసు. రేడియోలో మేము మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ముందు కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, గడియారం పెట్టుకుని చదివి, అప్పుడు వెడతాం. రాసినదాన్ని మాటలా వినిపించడానికే అంత పని ఉంటే, మాటను రాతగా మార్చడానికి పని ఉండదా? అందుకని నోటితో చెప్పించుకోవడం మానమనలేదు. అది పత్తి తీసి ఇంటికి చేర్చడం వంటిది, ఏరడం, వడకడం తరవాత ఉంటాయి అన్నాను.

కొట్టివేతలు లేని రాత రాత కాదని నా నమ్మకం. కాగితం మీద అయితే కొట్టివేత కంటికి కనిపిస్తుంది. ఫోనులో అది కనిపించదు. అక్షరం పడగానే అచ్చయినట్టు అందంగా ఉంటుంది, అయిపోయిందనిపిస్తుంది. పిల్లలు మోసపోయేది అక్కడే. గూగుల్ డాక్స్‌లాంటి వాటిలో రాస్తే పాత ప్రతులు కూడా దాగి ఉంటాయి, వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. మెసేజీ పెట్టెలో ఆ వీలుండదు.

ఇకపోతే, ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే యంత్రాలు 2022 చివరినుంచి అందరి చేతుల్లోకీ వచ్చేశాయి గదా. మా అమ్మాయి స్నేహితురాలు దాన్ని అడిగి నిమిషంలో మూడు పేజీలు తెచ్చుకుంది. తప్పుల్లేవు. నీల్లు లేవు, నీళ్లే ఉన్నాయి! నేను చదివాను. ఊరి పేరు మారిస్తే ఏ ఊరికైనా సరిపోతుంది. మా అమ్మాయి నోటు పుస్తకంలో మాత్రం ఒక కూలిమనిషి చెప్పిన మాట ఉంది. కుళాయిలో నీళ్లు వచ్చే వేళకు మేము పత్తిచేలో ఉంటాము, మా ఇంట్లో బిందె పెట్టేవాళ్లెవరమ్మా, అందట ఆమె. ఊళ్లో కుళాయి ఉంది, నీళ్లొస్తున్నాయి, లెక్కల్లో అంతా సవ్యమే. ఆ ఇంటికి నీళ్లు లేవు. ఈ మాట ఏ యంత్రానికీ తెలియదు, ఎండలో నడిచి వెళ్లి అడిగిన పిల్లకే తెలుసు. ఆ పిల్లకు రాయడం చేతగాకపోతే అది నోటు పుస్తకంలోనే ఉండిపోతుంది. నాకు బాధ కలిగించింది ఇదీ.

2001లో ఒక అమెరికా రచయిత, ఈ యంత్రాల మధ్య పుట్టిన పిల్లలకు ఇదంతా మాతృభాషలాంటిదని రాశారు. వినడానికి బాగుంది, లోకమంతా నమ్మింది. 2018లో పలు దేశాల ఎనిమిదో తరగతి పిల్లలను పరీక్షించి చూస్తే, పై మెట్టు అందుకున్నవాళ్లు నూటికి ఇద్దరే తేలారు. చేతిలో యంత్రం ఉన్నంత మాత్రాన వాడడం రాదు, నేర్పాలి అని పరీక్ష జరిపినవాళ్లే చెప్పారు. మన దగ్గర 2022 డిసెంబరులో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ఆ పిల్లలు 2025లో పదో తరగతి పూర్తి చేశారు. పాఠాలు చూడడానికి అవి పనికొస్తాయి, నేను కాదనను. చూడటం వేరు, రాయడం వేరు.

మా రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి, మీకు గుర్తుందా? ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. పదో తరగతి కాగానే నేనూ మూడు నెలలు వెళ్లాను, ఈలోగా పెళ్లి కుదిరింది, లోయరు పరీక్ష రాయకుండానే అత్తవారింటికి వచ్చాను. ఆ టకటకల గదిలో ఏ వేలు ఏ మీట మీద పెట్టాలో చెప్పడానికి ఒక మాస్టారుండేవారు. ఫోను కొనిచ్చిన మనం పిల్లల కోసం అలాంటి మాస్టారిని వెతకలేదు.

కొనిచ్చాం అన్నాను గాని ఎవరికి కొనిచ్చాం? 2023లో దేశంలోని పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను అడిగి చూశారు, అసర్ అనే నివేదికలో వచ్చింది. స్మార్టుఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో నూటికి 43 మందికి పైగా సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో ఇరవై మందికి కూడా లేదు. మా ఇంట్లోనూ అంతే. ఫోను అన్నాచెల్లెళ్లిద్దరిదీ అని పేరు. సాయంత్రం అయ్యేసరికి అది అన్న జేబులో ఉంటుంది. పిల్ల రాసుకునేది అందరూ పడుకున్నాక, కళ్లు మూతలు పడుతుంటే.

మాస్టారు మంచివారు, వారం గడువిచ్చారు. మా తోడికోడలూ నేనూ కూర్చుని ఒక ఏర్పాటు చేశాము. రాత్రి ఏడునుంచి ఎనిమిదిన్నర దాకా ఫోను అమ్మాయిది. ఎవరి ఫోను మోగినట్టు వినిపించినా అన్న దాని జోలికి రాకూడదు. వాడు రెండు రోజులు సణిగాడు, మూడోనాడు మానుకున్నాడు. ఆ గంటన్నరలో వంటింటి పనికి కూడా ఆ పిల్లను పిలవకూడదని ఇంకో షరతు పెట్టింది మా తోడికోడలు. అది నాకు తట్టనేలేదు సుమండీ.

నోటు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటినుంచీ తెలుగు అక్షరాల్లోనే కొట్టింది. రోజూ అయినంతవరకు పైకి చదివి వినిపించేది. పత్తిచేలో కూలిమనిషి మాటను ఎనిమిదో పేజీలో పెడితే, మూడో పేజీలోకి తెమ్మన్నాను. తెచ్చింది. ఫైలుకు పేరు పెట్టడం, దాన్ని ఎక్కడ దాచామో మళ్లీ వెతికి పట్టుకోవడం మాత్రం పక్క వీధి కుర్రాడిచేత ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. ఆరోనాటి రాత్రి పి.డి.ఎఫ్. చేసి, ముందు నా ఫోనుకు పంపించి, తెలుగు తెలుగులాగే వచ్చిందని చూసుకున్నాక మాస్టారికి పంపింది.

ఈ ప్రసంగం నేను కాగితం మీదే రాశాను, చేతివాటం పోదు గదా. టైపు చేసింది మా అమ్మాయే. మధ్యలో ఆగి, "పెద్దమ్మా, మంచినీళ్ల సంగతి రెండోసారి చెప్పావు, ఒకటి తీసేయనా?" అంది. తీసెయ్యమన్నాను.