బడి విడిచి అంగడి పెట్టేముందు

లూదియ ఊదారంగు పొడి అమ్ముకొనే స్త్రీ. వ్యాపారం ఆమె భక్తికి అడ్డు కాలేదు, పౌలుకు ఆమె ఇల్లే బస అయింది (అపొ. కార్య. 16:14, 15). కాబట్టి ఉపాధ్యాయిని అయిన సహోదరి బడి మాని పలకలు, నోటుపుస్తకాలు, ఆటబొమ్మల చిన్న అంగడి పెడితే చిన్నతనమేమీ లేదు. అయితే ప్రభువు చెప్పినట్లు ముందుగా కూర్చుండి లెక్క చూచుకోవాలి (లూకా 14:28).

ప్రభుత్వ ఉద్యోగమైతే రాజీనామా వేరు, స్వచ్ఛంద పదవీ విరమణ వేరు. 1980 నాటి రాష్ట్ర పింఛను నిబంధనల కిందికి వచ్చేవారు రాజీనామా చేస్తే గడచిన సర్వీసంతా పోయినట్లే. 20 ఏళ్ల సర్వీసు నిండాక, మూడు నెలల నోటీసిచ్చి విరమిస్తే పింఛను దక్కుతుంది. ఒక్క సంతకంతో ముసలితనపు ఆధారం పోగొట్టుకోవద్దు. భార్యాభర్తలు కలిసి ప్రార్థించి, ఆఫీసులో విచారించి, ఆ తరువాతే కాగితం ఇవ్వండి.

సరుకు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2021 జనవరి 1 నుండి 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. చౌకగా వచ్చిందని గుర్తులేని ప్లాస్టిక్ బొమ్మలు తెచ్చి పెట్టకండి. వాటిని నోట పెట్టుకొనేది పసిబిడ్డలే. అరువులు పుస్తకంలో వ్రాయండి, ఇంటి ఖర్చుకు గల్లాపెట్టె ముట్టకండి.

దొంగత్రాసు దేవునికి హేయము (సామె. 11:1). నిన్నటివరకు నిజం చెప్పమని పిల్లలకు నేర్పిన చేయి నేడు వారికే న్యాయంగా అమ్మితే, ఆ అంగడి కూడా ఒక పాఠమే.