చుక్క కాదర్రా, అది రాజాచారి!

రండర్రా, చాప ఇలా డాబా మధ్యకి లాగండి. ముందు ఆ జంతికలు అందరికీ పంచండి, చిన్నదానికి రెండెక్కువ. ఇందాక తుని వైపు నుంచి లేచి మన నెత్తి మీదుగా పోయిన వెలుగు విమానం కాదు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దీపం పెట్టుకుని పోతోందా అంటావా బుజ్జీ? దీపం కాదే, ఎండ! పొద్దు గుంకి పెరట్లో చీకటి పడ్డాక కూడా కొబ్బరిచెట్టు మొవ్వు మీద కాసేపు ఎండ నిలుస్తుంది చూశావూ, అలాగే 400 కిలోమీటర్ల ఎత్తున దానికింకా పగలే.

మరి ఫోటో తీయొచ్చా అంటే, నిక్షేపంలా తీయొచ్చు. 109 మీటర్ల పొడవు కదా, నడినెత్తికి వస్తే టెలిస్కోపులో గురుగ్రహం కంటే పెద్దగా కనిపిస్తుంది. చిక్కల్లా దాని పరుగుతోనే. మన పాయకరావుపేట నుంచి అనకాపల్లికి పది సెకన్లు కూడా పట్టవు దానికి! అందుకని ముందే ఏదో నక్షత్రం మీద ఫోకస్ సరిచూసుకుని, టెలిస్కోపును కేంద్రం వెంట తిప్పుతూ వీడియో తీస్తారు. గాలి కదలికకి చాలా ఫ్రేములు అలుక్కుపోతాయి. నిలకడగా వచ్చిన కాసినీ ఏరి ఒకదాని మీద ఒకటి పేరిస్తే రెక్కల్లాంటి సోలార్ పలకలు తేలతాయి. నన్నడిగితే, పనితనమంతా ఆ ఏరడంలోనే ఉంది.

2022 మార్చి 23న జర్మనీలో సాంక్ట్ వెండెల్ అనే ఊళ్లో సెబాస్టియన్ వోల్ట్‌మర్ అనే ఆయన 11 అంగుళాల టెలిస్కోపుతో ఇలాగే తీశాడు. సరిగ్గా అప్పుడు ఇద్దరు వ్యోమగాములు స్పేస్‌వాక్‌లో బయట ఉన్నారు. ఒకరు ఆ ఊళ్లోనే పుట్టిన మథియాస్ మౌరర్. రెండో ఆయనెవరో తెలుసా? రాజాచారి! వాళ్ల నాన్న మన హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినాయన. ఫోటోలో ముఖాలూ చేతులూ ఏం కనపడవు, ఉత్త చుక్కలు. అయితేనేం, నేల మీంచి చూస్తే ఆకాశంలో మన మనిషి! ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మనకీ 8 అంగుళాల టెలిస్కోపుంటే రెక్కల ఆకారం దొరుకుతుంది. నాసా వాళ్ల స్పాట్ ద స్టేషన్ యాప్‌లో వేళ చూసుకోండి, నడినెత్తి మీదుగా పోయే రోజే ఎంచుకోండి. ఆకాశం అంచున పోతే దూరం పెరిగి బొమ్మ చిన్నదైపోతుంది. ఆలస్యం మాత్రం చేయకండర్రా, 2030 తర్వాత ఆ కేంద్రాన్ని సముద్రంలోకి దించేయాలని నాసా అనుకుంటోంది.