ఉగ్గుగిన్నె నుండి కంచం దాకా

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ పరచుకొన్న కోనసీమ అన్నానికి లోటులేని సీమగా పేరుపొందింది. అమలాపురం నుండి రాజోలు, కొత్తపేటల వరకు ఎటు చూచినా వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, చేపల చెరువులు కనిపిస్తాయి. వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మ (1841–1909) ఈ సీమలోని లంకల గన్నవరంలోనే జీవించింది. అయితే సమృద్ధి గల ఇంట పుట్టినంత మాత్రాన బిడ్డకు పోషణ దానంతట అదే సమకూరదు. 2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు మొదలు ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికి రక్తహీనత ఉంది. ఇందుకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి ప్రతి ఇంటిలోనూ సరిదిద్దుకోదగినది. అది ఏడాది నిండిన బిడ్డకు కంచం ఉండవలసిన చోట పాలసీసా నిలిచి ఉండడం.

తెలుగువారి ఇళ్ళలో సాధారణంగా ఆరవ నెలలో అన్నప్రాశనం జరుగుతుంది. ఈ ఆచారం నేటి వైద్యశాస్త్రానికి అనుగుణంగానే ఉంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆపైన ఇతర ఆహారం ఆరంభించి, తల్లిపాలను రెండేళ్ళ వరకు, వీలైతే ఆ తరువాత కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కాని అనేక కుటుంబాలలో అన్నప్రాశనం ఒకనాటి వేడుకగానే ముగిసిపోతుంది. ఆనాడు బిడ్డ నోటికి పరమాన్నం తాకిస్తారు. మరునాటి నుండి మళ్ళీ పాలతోనే సరిపెడతారు.

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతుంది. ఆ తరువాత పెరుగుదల వేగం కొంత తగ్గుతుంది. దానితోపాటు ఆకలి కూడా తగ్గినట్లు కనిపిస్తుంది. ఇది సహజమే అయినా, బిడ్డ అన్నం తినడం లేదన్న బెంగతో పెద్దలు సీసాడు పాలు పట్టిస్తారు. ఈ వయసులో బిడ్డ కడుపు సుమారు ఒక గ్లాసు ఆహారానికి మించి పట్టదు. అది పాలతో నిండిపోతే అన్నానికి చోటుండదు. అన్నం తినలేదని మళ్ళీ పాలు, పాలు త్రాగడం వల్ల మళ్ళీ అన్నంపై అయిష్టత – ఇలా ఒక విషవలయం ఏర్పడుతుంది.

పాలు మంచి ఆహారమే. వాటిలో మాంసకృత్తులు, కాల్షియం పుష్కలంగా ఉంటాయి. కాని రక్తవృద్ధికి అవసరమైన ఇనుము మాత్రం అత్యల్పం. ఒకటి నుండి మూడేళ్ళ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది మిల్లీగ్రాముల ఇనుము అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో సూచించారు. లీటరు ఆవుపాలలో ఉండే ఇనుము సుమారు రెండు మిల్లీగ్రాముల లోపే. పైగా పాలలోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును సైతం శరీరం గ్రహించకుండా కొంతమేరకు అడ్డుకొంటుంది. కనుకనే పాలమీదనే పెరిగిన బిడ్డ బొద్దుగా కనిపించినా లోలోపల రక్తహీనతకు గురి కావచ్చు. మెదడు అత్యంత వేగంగా ఎదిగే తొలి రెండేళ్ళలో ఈ లోపం ఏర్పడితే చురుకుదనం, నేర్చుకొనే శక్తి దెబ్బతింటాయి. అందువల్ల ఏడాది దాటిన బిడ్డకు పోతపాలు రోజుకు అర లీటరుకు మించకుండా చూడాలి.

పాలు ఇచ్చే సాధనం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సీసా మూలలలో, రబ్బరు పీక మడతలలో పాలజిగురు నిలిచి సూక్ష్మజీవులకు ఆటపట్టవుతుంది. వాడిన ప్రతిసారీ కడిగి మరిగించకపోతే అతిసారం తప్పదు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమలోని లంక గ్రామాలు నీట మునిగాయి. త్రాగునీటికే కటకట ఏర్పడే అటువంటి రోజులలో సీసాపై ఆధారపడిన బిడ్డ ప్రాణానికే ముప్పు. రాత్రివేళ సీసా నోట ఉంచుకొని నిద్రించే పిల్లల ముందుపళ్ళు పాలలోని చక్కెర వల్ల త్వరగా పుచ్చిపోతాయి. ఇట్టి ప్రమాదాలను గుర్తించి భారత ప్రభుత్వం 1992లో చేసిన చట్టం పాలసీసాల, పోతపాలపొడుల ప్రకటనలను నిషేధించింది.

సీసా రాకముందు తెలుగు ఇళ్ళలో ఉగ్గుగిన్నె ఉండేది. చిన్న ముక్కు గల ఆ లోహపు గిన్నెలో మూలలు, మడతలు ఉండవు. వేడినీటితో తోమితే శుభ్రపడుతుంది. ఆరు నెలలు నిండని పసికందుకు ఉగ్గు పెట్టడం మంచిది కాదని నేటి వైద్యులు చెబుతున్నారు. ఆ గిన్నెలోని సూత్రం మాత్రం నేటికీ ఆచరణీయమే. ఏడాది బిడ్డ చిన్న గిన్నెతో గాని, గ్లాసుతో గాని త్రాగగలదు. సీసాను ఒక్కసారిగా లాగివేయడం కంటే క్రమంగా మాన్పించడం మేలు. మొదట పగటి సీసాలలో ఒకదానికి బదులు గ్లాసు ఇవ్వాలి. నాలుగైదు రోజులకు మరొకటి తగ్గించాలి. పడుకొనే ముందు త్రాగే సీసాను చివరగా మాన్పించాలి. ఆ సమయంలో ఒడిలోకి తీసుకొని కథో, జోలపాటో వినిపిస్తే బిడ్డ సీసాను మరచిపోతుంది.

ఈ వయసులో బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు సుమారు 550 కిలోకాలరీల శక్తి ఆహారం ద్వారా అందాలి. ఇందుకు పెద్దగా ఖర్చు చేయనవసరం లేదు. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు లేదా కందిపప్పు, తోటకూర లేదా మునగాకు, ఒక చెంచా నెయ్యి కలిపితే ఒక పూట భోజనం సిద్ధమవుతుంది. దానిపై రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఉడికించిన కోడిగుడ్డు, ముళ్ళు తక్కువగా ఉండే పండుగప్ప, కొర్రమేను వంటి చేపలు మేలైన మాంసకృత్తులను, ఇనుమును అందిస్తాయి. పులస ఎంత రుచికరమైనా ముళ్ళు అధికం కనుక పసిబిడ్డకు తగదు. మధ్యలో చక్కెరకేళి, బొప్పాయి, రాగిజావ, పెరుగన్నం ఇవ్వవచ్చు. రోజుకు మూడు నాలుగు పూటల భోజనం, ఒకటి రెండు సార్లు చిరుతిండి, పూటకు ముప్పావు కప్పు నుండి కప్పు వరకు ఆహారం – ఇది స్థూలమైన కొలత.

తినకూడని వాటినీ తెలుసుకోవాలి. పచ్చికొబ్బరి ముక్కలు, వేరుశనగ గింజలు, గుండు ద్రాక్షలు గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. టీలో ముంచిన బిస్కత్తు చాలా ఇళ్ళలో అలవాటు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు.

అంగన్‌వాడీ కేంద్రాలు ఈ విషయంలో కుటుంబాలకు అండగా నిలుస్తాయి. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఇవి నడుస్తున్నాయి. ఏడు నెలలు మొదలు మూడేళ్ళ వరకు పిల్లలకు గోధుమ, శనగపప్పు, పాలపొడి మొదలైన వాటితో చేసిన బాలామృతం అక్కడ లభిస్తుంది. ప్రతి నెలా తూకం వేసి పెరుగుదల పట్టికలో గుర్తిస్తారు. బరువు పెరగకపోయినా, పెదవులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయినా వైద్యుని సంప్రదించాలి.

తల్లి పనికి వెళ్ళిన వేళ ఇంటిలోని అక్క, అన్న, అమ్మమ్మ, నాయనమ్మలే బిడ్డకు అన్నం పెడతారు. కనుక ఈ విషయాలు తల్లికి మాత్రమే తెలిస్తే చాలవు. బలవంతంగా నోటిలో కుక్కడం కంటే పెద్దల పంక్తిలో బిడ్డకు ప్రత్యేకంగా ఒక చిన్న కంచం వేయడం మేలు. మొదట్లో సగం మెతుకులు నేలపాలవుతాయి. బిడ్డ తన చేతితో ముద్ద నోటికి చేర్చుకోవడం నేర్చుకొనేది ఆ మెతుకుల మధ్యనే.