నెట్‌లో దుకాణం: పట్టా ఎవరి పేర వుంది?

శ్రీకాకుళం:

పొందూరు సన్నఖద్దరు కావాలంటే ఒకప్పుడు పొందూరు రావాలి, లేదా పట్నంలో ఖాదీ భండారుకు వెళ్లాలి. యిప్పుడు హైదరాబాదులో వున్నవారూ, అమెరికాలో స్థిరపడిన మన జిల్లావారూ సెల్‌ఫోనులో పేరు కొట్టి వెతుకుతున్నారు. బొబ్బిలి వీణ, బూడితి యిత్తడి సామాను, పలాస జీడిపప్పు అన్నిటిదీ యిదే వరస. అలా వెతికినపుడు కనిపించే దుకాణాలలో తయారుచేసినవారివి ఎన్ని, మధ్యవారివి ఎన్ని అన్నది ఎవరికి వారు ఫోను తీసి చూసుకోవచ్చు.

వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి, చేతితో వడికి, చేమగ్గంపై నేసిన బట్టకూ, మరమగ్గం బట్టకు పొందూరు పేరు తగిలించి అమ్మేదానికీ ఫోనులో బొమ్మ చూసి తేడా చెప్పడం కష్టం. అందుకే నేతపనివారి సంఘాలూ, వీణల తయారీదారులూ, జీడిపప్పు వ్యాపారులూ సొంతంగా నెట్‌లో దుకాణం తెరిచే ఆలోచన చేయవలసిన రోజులివి. అయితే అందులో తెలుసుకోవలసిన మెలికలు కొన్ని వున్నాయి.

వెబ్‌సైటు అనేది గాలిలో వుండే వస్తువు కాదు. ఎక్కడో ఒక గదిలో రాత్రింబవళ్లు నడిచే కంప్యూటరులో మీ సరుకుల బొమ్మలు, ధరలు వుంటాయి. ఆ కంప్యూటరును సర్వరు అంటారు. అందులో చోటు అద్దెకు యివ్వడమే హోస్టింగ్. 1991లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో మొట్టమొదటి వెబ్‌సైటును నడిపారు. యిది సర్వరు, దీన్ని ఆపవద్దు అని ఆ కంప్యూటరుకు కాగితం రాసి అంటించారు. ఎవరైనా స్విచ్చి నొక్కితే ప్రపంచంలోని వెబ్ మొత్తం ఆగిపోయే రోజులవి!

మరి ఆ కంప్యూటరు మన యింట్లోనే పెట్టుకోకూడదా అని అడిగేవారున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినపుడు వుద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఎన్నో వూళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. సర్వరు యింట్లో వుంటే చెట్లతోపాటు దుకాణమూ పడిపోయేది. అది ముంబైలోనో హైదరాబాదులోనో వుంటే, ‘తుపాను వల్ల సరుకు ఆలస్యమవుతుంది’ అన్న ముక్క విశాఖలో వున్న బంధువు చేతనైనా పెట్టించవచ్చు.

సంత, అద్దె కొట్టు, సొంత పాక

నెట్‌లో అమ్మకానికి దారులు మూడు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివి సంత లాంటివి. జనం వస్తారు, ఆశీలు కట్టాలి. కొన్నవాడికి సంత పేరు గుర్తుంటుంది గాని మీ పేరు గుర్తుండదు. రెండోది షాపిఫై వంటి సంస్థలు యిచ్చే సిద్ధంగా వున్న కొట్టు. నెలనెలా అద్దె కడితే బీరువాలు, తాళాలు అన్నీ వారివే. మూడోది హోస్టింగ్ తీసుకుని, వర్డ్‌ప్రెస్, వూకామర్స్ వంటి వుచిత సాఫ్ట్‌వేరుతో సొంతంగా వేసుకునే పాక. ఖర్చు తక్కువ, కాపలా మనదే. చూసుకునే కుర్రవాడు యింట్లో లేకపోతే రెండోదే మేలని చెప్పాలి. చవక అని మూడోదానికి దిగి, ఏడాది తిరగకుండా తాళం వేసుకోవడం ఎందుకు?

ఏ దారి పట్టినా అసలు చూడవలసింది పేరు. దుకాణం చిరునామాను డొమైన్ అంటారు. హోస్టింగ్ నేల అయితే డొమైన్ పట్టా. నేల నచ్చకపోతే మరో నేలకు మారవచ్చు, పట్టా చేతిలో వుంటే గిరాకీ వెంట వస్తుంది. డాట్ ఇన్‌తో ముగిసే పేర్లు 2005 నుంచి సామాన్యులకు కూడా దొరుకుతున్నాయి. ఏడాదికి కొన్ని వందల రూపాయలే.

‘మా మేనల్లుడు చూసుకుంటాడండి’ అనే మాట వూళ్లలో తరచు వినబడుతుంది. మేనల్లుడు తన పేర, తన యీమెయిలుతో డొమైన్ కొంటాడు. పట్నంలో సైటు చేసి యిచ్చే కుర్రవాళ్లయినా యింతే. రేపు అతడు బెంగుళూరులో వుద్యోగానికి వెళ్లవచ్చు, మాట పట్టింపు రావచ్చు. అప్పుడు సంఘం పదేళ్లు పెంచుకున్న పేరు అతని పెట్టెలో వుండిపోతుంది. పేరు, ఫోను నంబరు, యీమెయిలు దుకాణం యజమానివో, సంఘానివో రాయించాలి. పాస్‌వర్డు పాసు పుస్తకంతోపాటు దాచాలి. అల్లుడైనా సరే.

యేటేటా గడువులోగా డబ్బు కట్టడం మరవకూడదు. 1999 క్రిస్మస్‌కు ముందు మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరుకు 35 డాలర్లు కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిలు వాడేవారు యిబ్బంది పడ్డారు. చివరకు ఒక ప్రోగ్రామరు తన జేబులోంచి కట్టాడు. మనకు అలా కట్టేవారెవరు?

నకలు యింట్లో వుండాలి

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో 2021 మార్చి 10న ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ సంస్థ భవనం ఒకటి కాలి బూడిదయింది. లక్షలాది సైట్లు ఆగిపోయాయి. నకళ్లు వేరే చోట పెట్టుకున్నవారు కోలుకున్నారు. నకలు కూడా అదే ఆవరణలో వున్న కొందరికి ఏమీ మిగల్లేదు. ‘రోజూ బ్యాకప్ తీస్తాం’ అంటే, ఎక్కడ దాస్తారు, నేను దింపుకోవచ్చా అని అడగాలి. నెలకోసారైనా నకలు దింపి యింట్లో పెట్టుకోవాలి. వుచిత జాగా అసలు నమ్మతగ్గది కాదు. లక్షల మంది పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది.

అద్దె సంగతికి వస్తే, ప్రకటనలో కనిపించేది మొదటి గడువు ధర. తరువాత అది రెండు మూడు రెట్లు కావచ్చు. రెన్యూవల్ ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ‘అన్‌లిమిటెడ్’ అన్నచోట చిన్న అక్షరాలు చదవండి. చవక హోస్టింగ్‌లో ఒకే యంత్రంపై వందల దుకాణాలుంటాయి. పక్కవాడి దగ్గర రద్దీ పెరిగితే మనదీ నెమ్మదిస్తుంది. నూటికి 99 పాళ్లు నడుస్తుందంటే బాగానే వుందనిపిస్తుంది. లెక్క వేస్తే ఏడాదిలో 87 గంటలు, అంటే మూడున్నర రోజులు మూతే. అది సంక్రాంతి ముందు రావచ్చు. 99.9 అయితే తొమ్మిది గంటల లోపు.

చిరునామా పక్కన తాళం గుర్తు కోసం వేలకు వేలు అడిగేవారున్నారు. సాధారణ దుకాణానికి సరిపడే సర్టిఫికెట్ వుచితంగా దొరుకుతుంది. అది లేని సైటును 2018 జూలై నుంచి క్రోమ్ ‘భద్రత లేదు’ అని చూపుతోంది. కార్డు నంబర్లు మన సైటులోనే దాస్తామనేవారిని నమ్మవద్దు. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు ఆ నంబర్లు వుంచుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. యూపీఐ, కార్డు చెల్లింపులు పేమెంట్ గేట్‌వే సంస్థల ద్వారానే పెట్టించాలి.

మరో చిన్న సంగతి. వీణ ఫోటో ఫోనులో తీస్తే నాలుగైదు ఎంబీలు వుంటుంది. కుదించకుండా ఎక్కిస్తే ఎంత మంచి హోస్టింగైనా సిగ్నలు లేని చోట పేజీ తెరుచుకోదు. తప్పు సర్వరుది కాదు, బొమ్మది.

డబ్బు కట్టేముందు ఆ సంస్థ సహాయ నంబరుకు ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి ఫోను చేసి చూడండి. ఎత్తినవారు మనకు అర్థమయ్యే భాషలో జవాబు చెబితే సరే. ఎవరూ ఎత్తకపోతే రెండో సంస్థను చూసుకోండి. ఏడాది అద్దెకు ముందు నెల అద్దెకే దిగండి.