ధర్మము పేరిట క్రెడిటు కార్డు పుచ్చుకొనదగునా?

కార్డు అనగానే మా చిన్ననాట తపాలా కార్డే మనస్సున మెదలెడిది. ఇప్పుడు ఆ మాట చెవినిబడినంతనే రేషను కార్డా, ఆధారు కార్డా, బ్యాంకు కార్డా యని తిరిగి అడుగవలసి వచ్చుచున్నది. వీనిలో క్రెడిటు కార్డు అనునది పేరునకు కార్డే గాని పనికి అప్పు పత్రము. నేడు వస్తువు తెచ్చుకొని, నెల తిరిగిన పిమ్మట బ్యాంకునకు సొమ్ము చెల్లించుటయే దీని విధానము.

ఈ యప్పు కార్డులలో ఒక తెగ దానధర్మముల పేరిట వెలువడుచుండును. కార్డుతో నూరు రూపాయల సరకు కొన్నచో అందుండి కొన్ని పైసలు బీద బాలుర చదువునకో, రోగుల చికిత్సకో, అడవి మృగముల రక్షణకో బ్యాంకువారు పంపుదురు. కొనువానికి ఖర్చు లేదు, పుణ్యము మాత్రము దక్కును అని ప్రకటనల తాత్పర్యము. మన పాఠశాలలో చదివి బెంగుళూరున కొలువు చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు ఇట్టి కార్డు తీసికొనవచ్చునా యని మమ్మడిగెను. నల్లమాడ, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములనుండి యేటేట ఎందరో యువకులు ఆ నగరమునకు పోవుచున్నారు. మొదటి జీతము చేతబడకమునుపే కార్డులవారు వెంటబడుదురు. కాబట్టి ఆ ప్రశ్న యొక్కనిది గాదని తలంచి, ఇచ్చట వివరించుచున్నాము.

అప్పు కార్డు మనవారికి క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిటు కార్డుల నిచ్చి, దేశమున ఈ మార్గమున ముందు నడచిన బ్యాంకులలో నొకటి యాయెను. (2020 ఏప్రిలులో అది యూనియన్ బ్యాంకునందు విలీనమైనది.) కార్డునకును ధర్మమునకును ముడివేసిన ప్రసిద్ధ కథ మాత్రము అమెరికాలోనిది. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ న్యూయార్కు రేవునందలి స్వాతంత్ర్య విగ్రహము మరమ్మతునకై, తన కార్డుతో జరిగిన ప్రతి కొనుగోలునకు ఒక సెంటును, క్రొత్తగా నిచ్చిన ప్రతి కార్డునకు ఒక డాలరును ఇత్తుమని చాటెను. కొలది నెలలలో సుమారు 17 లక్షల డాలర్లు సమకూడెను. అదే కాలమున ఆ కార్డుల వాడుక నూటికి 28 వంతుల వరకు పెరిగెను. విగ్రహము బాగుపడెను, సంస్థయు బాగుపడెను. ఇందు దోషమేమియు లేదు. అయితే ధర్మము పేరు చెప్పినచో జనులు మరింత కొందురన్న సంగతి నాటినుండి వర్తకులకు బాగుగ తెలిసిపోయినది. కొనువారికి అంత బాగుగ తెలిసినట్లు లేదు.

ఇక ఆ పైసలు ఎచ్చటినుండి వచ్చును? దుకాణదారుడు కార్డుపై అమ్మిన ప్రతి నూరు రూపాయలకు సుమారు రెండు రూపాయలు రుసుముగా విడువవలసి యుండును. అందులో పెద్ద వంతు కార్డు నిచ్చిన బ్యాంకునకు చేరును. ఆ వంతులోనుండి తీసిన చిన్న ముక్కయే ధర్మ సంస్థకు పోవునది. ఐరోపా సమాఖ్యలో 2015 డిసెంబరునుండి ఈ బ్యాంకు వంతు నూరు యూరోలకు 30 సెంట్లు మించరాదని కట్టడి చేసిరి. ఊట తగ్గిన బావినుండి ఎన్ని చేదలు తోడగలము? కార్డు ధర్మము బ్యాంకు లాభముతోపాటు హెచ్చి తగ్గునదే గాని దాత మనస్సునుబట్టి నడచునది కాదు.

లెక్కలోనికి దిగుదము. మా ఎనిమిదవ తరగతి పిల్లలు సైతము చేయగలిగిన లెక్క యిది. బ్యాంకు నూటికి పావలా చొప్పున ధర్మమున కిచ్చుననుకొందము. నెలకు 8,000 రూపాయలు కార్డుపై ఖర్చు చేయువానివలన ధర్మ సంస్థకు నెలకు 20 రూపాయలు, ఏడాదికి 240 రూపాయలు ముట్టును. ఆ కార్డునకు సాలుసరి రుసుము 500 రూపాయలైనచో, దానిపై నూటికి 18 చొప్పున పన్ను 90 రూపాయలు చేరి, 590 అగును. అనగా 240 రూపాయల ధర్మము చేయించుటకై మనము 590 రూపాయలు బ్యాంకున కిచ్చుచున్నాము. ఆ 590 రూపాయలును తిన్నగా బడిపిల్లల పుస్తకములకే యిచ్చినచో రెండింతలకు మించిన మేలు జరుగును.

రుసుము లేని కార్డులును గలవు గదా యందురు. కలవు. అప్పుడు చూడవలసినది వడ్డీ. గడువులోపల మొత్తము చెల్లింపక కొంత నిలువ యుంచినచో పెక్కు కార్డులపై నెలకు నూటికి మూడు మొదలు మూడుముప్పావు రూపాయల వరకు వడ్డీ పడును. ఏడాదికి ఇంత శాతము అని వ్రాసిన కాగితము మన రైతులకు బోధపడదు గాని, నూటికి మూడున్నర రూపాయల వడ్డీ యనిన తోడనే గుండె గుభేలుమనును. వానలు తప్పి వేరుసెనగ పండని యేడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన యప్పే ఇల్లు గుల్ల చేయునని ఈ సీమలో తెలియనివారు లేరు. పైన చెప్పిన 8,000 రూపాయలును ఒక్క నెల నిలువ యున్నచో, నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 280 రూపాయలు, దానిపై పన్ను 50 రూపాయల 40 పైసలు. ఒక్క నెల యేమరుపాటునకు, ఏడాది పొడుగున జరిగిన ధర్మముకంటె హెచ్చు సొమ్ము చేజారును. అంతేగాక, పాతబాకీ నిలిచియున్నంతకాలము క్రొత్తగా కొన్నవానికిని వడ్డీలేని గడువు దొరకదు. కార్డుతో రొక్కము తీసినచో మొదటి దినమునుండియే వడ్డీ నడచును. బిల్లులో చూపిన కనీసపు మొత్తము చెల్లించిన చాలునని యువకులు భ్రమపడుదురు. అది అప్పును తీర్చునది కాదు, సాగదీయునది.

మన సంఘములలో తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేరుగ తీసి దాచి ఆరాధనకు తెచ్చు వాడుక కలదు. ఆ పిడికెడు ఎసటిలో తగ్గినదని ఆ తల్లికి తెలియును. మన అనంతపురము సీమలో విన్సెంట్ ఫెర్రర్‌గారు 1969లో పని ప్రారంభించి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, స్పెయిను దేశమున సామాన్య కుటుంబములవారు నెలనెల పంపిన చందాలతో బడులను, ఆస్పత్రులను నిలిపినది. ఆ దాతలలో ననేకులకు తాము సాయపడు పిల్లవాని పేరు తెలియును. కార్డు ధర్మములో ఇచ్చువానికి ఇచ్చినట్లే తోచదు. ఎంత యిచ్చెనో అడిగిన చెప్పలేడు. బ్యాంకు తన వంతునుండి యిచ్చిన సొమ్మునకు దానపు రసీదు మన పేర రాదు గనుక, పన్నులో మినహాయింపును కోరుటకు వీలులేదు.

అయినను ఎదుటి పక్షమునకును న్యాయము చేయవలెను. ఇత్తము ఇత్తమని తలంచుచు ఏండ్లు గడపువారు లోకమున మెండు. అట్టివానికి ఎట్లును కార్డు వాడుక యుండి, నెలనెల పూర్తిగా చెల్లించు అలవాటుండి, కార్డునకు రుసుము లేకున్నచో, ఆ పావలాయైనను మరువక పోవుచుండుట మేలే. ఇట్టివాడు తీసికొన్న తప్పులేదు. కాని అతడైనను వేరొక లెక్క చూడవలెను. కొన్ని కార్డులు ధర్మము మాట యెత్తక నూటికి రూపాయి చొప్పున కొన్నవానికే తిరిగి యిచ్చును. నెలకు 8,000 మీద 80, ఏడాదికి 960 రూపాయలు. దానిని తానే ధర్మమున కిచ్చినచో నాలుగింతలు చేరును, రసీదును తన పేరనే వచ్చును. యూపీఐ చెల్లింపులపై దుకాణదారుల రుసుమును 2020 జనవరిలో ప్రభుత్వము రద్దుచేసిన పిదప చిన్న మొత్తములను సైతము చేతిలోని ఫోనుతో పంపుట సులువైనది.

మేమా పూర్వవిద్యార్థికి కార్డు వలదని, జీతము వచ్చిన దినముననే 100 రూపాయలు తన యూరి బడికి పంపుమని వ్రాసితిమి. ఇదివరకే కార్డు తీసికొని చింతించువారు దానిని కత్తిరించి పారవేసిన చాలదు; ఖాతా మూయలేదు గనుక రుసుము పడుచునే యుండును. బాకీ యంతయు తీర్చి, కూడిన పాయింట్లను ముందే వాడుకొని, మూసివేయుడని బ్యాంకునకు వ్రాతమూలముగ తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారము, బాకీ లేని కార్డును ఏడు పనిదినములలో మూయవలయును. ఆలస్యమైన ప్రతి దినమునకు బ్యాంకు 500 రూపాయలు ఖాతాదారునకు చెల్లించుకొనవలయును.